మా చిన్న భాషకు బొమ్మల లైబ్రరీ మళ్లీ రాయాలి: విండోలతో మొదలుపెట్టాలా, గీతలతోనా?

పడుగుపేక (హనుమకొండ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేనూ మరో ఇద్దరు మిత్రులూ కలిసి పదేళ్లుగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషను నడుపుతున్నాం. ఆజ్ఞలన్నీ తెలుగులోనే ఉంటాయి. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం పిల్లలకు లూపులు, ఫంక్షన్లు బొమ్మలు గీయిస్తూ నేర్పడానికి దాన్ని మొదలుపెట్టాం. తాబేలు గీతలతో (ముందుకు నడువు, తిరుగు అని ఆజ్ఞలిస్తే తెర మీది తాబేలు గుర్తు నడిచిన దారే గీత అవుతుంది) కీర్తి తోరణం గీయడం మా దగ్గర తొలి వారం అభ్యాసం. ఆ తరువాత కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ల పిల్లలు కొందరు మా క్లాసులకు వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లు గ్రాఫ్ కాగితం మీద రంగు పెన్సిళ్లతో వేసుకునే డిజైన్లను ఈ భాషలో రాయడం మొదలుపెట్టారు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ జంపఖానాలు మా లైబ్రరీకి ఇప్పుడు అసలైన పరీక్షగా మారాయి, ఎందుకంటే క్లాసులో గీసిన బొమ్మ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు గానీ, మగ్గం పక్కన పెట్టుకుని గళ్లు లెక్కపెట్టుకునే డిజైన్‌లో ఒక్క గడి తప్పినా నూలు దండుగ అవుతుంది.

భాషలో పెద్దగా మార్చాల్సింది లేదు. ఇబ్బంది అంతా బొమ్మలు గీసే లైబ్రరీతోనే వస్తోంది. దాన్ని అప్పట్లో జీటీకే 2 అనే టూల్‌కిట్ (విండోలు, బటన్లు సిద్ధంగా ఇచ్చే లైబ్రరీ) మీద సీ భాషలో రాశాం. విండోలు, బటన్లు, గీతలు, అక్షరాలు అన్నీ ఒకే ముద్దగా కలిసి ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో జీటీకే 4 విడుదలవడంతో జీటీకే 2 నిర్వహణ ముగిసింది. పోనీ మధ్యలో ఉన్న జీటీకే 3కు జరుగుదామంటే, మేం వాడిన పాత గీత ఫంక్షన్లను 2011లో వచ్చిన ఆ వెర్షన్‌లోనే పూర్తిగా తీసేశారు. మా తాబేలు గుర్తును చూడండి: అది ఎక్స్‌ఓఆర్ పద్ధతిలో గీసినది, అంటే ఒకసారి గీస్తే కనబడుతుంది, అదే చోట మళ్లీ గీస్తే కింద ఉన్న బొమ్మ చెడకుండా చెరిగిపోతుంది. జీటీకే 3 నుంచి గీతలన్నీ కైరో అనే గీతల లైబ్రరీ ద్వారానే గీయాలి. కైరోలో ఎక్స్‌ఓఆర్ అనే పేరు ఉన్నా, అది పోర్టర్, డఫ్ 1984లో వివరించిన పొరల కలయిక, పిక్సెల్‌లోని బిట్లను తిప్పే పని కాదు. పైగా వేలాండ్ (విండోలను తెర మీద చూపే కొత్త వ్యవస్థ) మీద నడిచే కొత్త లైనక్స్‌లలో మా 'విండోను ఫలానా చోట పెట్టు' అనే ఆజ్ఞకు అర్థమే లేదు. విండో ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం ప్రోగ్రాముకు అక్కడ ఇవ్వరు.

నా ప్రశ్న ఇది. రెండు వందలకు పైగా పాత ప్రోగ్రాములు మా పిల్లల దగ్గర ఉన్నాయి, అవి ఒక్క అక్షరం మార్చకుండా నడవాలి. పని చేసేది ముగ్గురం, అదీ సెలవు రోజుల్లో. అలాంటప్పుడు ముందు విండోలు, బటన్ల సంగతి తేల్చుకోవాలా, గీతల సంగతి తేల్చుకోవాలా? కొత్త లైబ్రరీని సీలోనే రాయాలా?

మానేరు తీరం (కరీంనగర్) సమాధానం

పడుగుపేక గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. అన్నీ ఒకే ముద్దగా ఉన్నాయని మీరే రాశారు. ఏ టూల్‌కిట్‌కు మారాలన్నది ఇప్పుడే తేల్చుకోకండి, ముందు ఆ ముద్దను విడదీయండి. గీయడం అనేది విండో లేకుండా కూడా జరగాల్సిన పని. గీతల పొర ఒక్కటే తెర లేని కంప్యూటర్‌లో, కమాండ్ లైన్ నుంచి నడిచి, పీడీఎఫ్ ఒకటి బయటికి ఇవ్వగలిగిన రోజున మీ పని సగానికి పైగా అయిపోయినట్టే.

ఈ దారిలో నడిచి గట్టెక్కిన ఉదాహరణ ఒకటి మీకు బాగా పనికొస్తుంది. రాకెట్ భాష (2010 జూన్ వరకు దాని పేరు పీఎల్‌టీ స్కీమ్) పాత గ్రాఫిక్స్ పొర సీ ప్లస్ ప్లస్‌లో ఉండేది, 1990ల నాటి డబ్ల్యూఎక్స్ విండోస్ అనే టూల్‌కిట్ కోడ్ నుంచి పెరిగింది. మాక్‌లో అది ఆపిల్ పాత లైబ్రరీ కార్బన్ మీద ఆధారపడింది, కార్బన్‌లో విండోలు, బటన్ల భాగాన్ని ఆపిల్ 64 బిట్లకు తీసుకురాలేదు, అంటే దారి మూసుకుపోయింది. వాళ్లు పాత కోడ్‌కు అతుకులు వేస్తూ కూర్చోకుండా మొత్తం తిరగరాసి 2011 ఫిబ్రవరిలో 5.1 వెర్షన్‌గా విడుదల చేశారు. గీతల లైబ్రరీని విండోల లైబ్రరీ నుంచి వేరు చేశారు. గీతలకు కైరోను, అక్షరాలను కూర్చడానికి పాంగో అనే లైబ్రరీని వాడుకున్నారు. విండోల వైపు లైనక్స్‌లో జీటీకే, మాక్‌లో కోకో, విండోస్‌లో విన్32 ఉంచారు. నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచింది మరొకటి: ఈ రెండు లైబ్రరీలనూ సీలో కాకుండా రాకెట్‌లోనే రాశారు, బయటి లైబ్రరీలను పిలవడానికి మాత్రం భాషలో ఉన్న సన్నని వంతెనను వాడుకున్నారు.

మీరూ అలాగే చేయమని నా గట్టి సలహా. సీలో రాస్తే మీ ముగ్గురు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. మీ భాషలోనే రాస్తే, బటన్ ఎందుకు ఎర్రబడలేదో చూడాలనుకున్న మూడో సంవత్సరం విద్యార్థి లైబ్రరీ ఫైలు తెరిచి చదువుకోగలడు, మార్చి చూడగలడు. వేగం గురించి భయపడకండి. పిక్సెళ్లను నింపే బరువైన పని ఎలాగూ కైరో లోపల జరుగుతుంది, మీ భాషలో జరిగేది ఏం గీయాలో చెప్పడం మాత్రమే.

తాబేలు గుర్తు గురించి: దానికి ఎక్స్‌ఓఆర్ అవసరం లేదు. పిల్లలు గీసిన బొమ్మ ఒక పొరలో, తాబేలు వేరే పొరలో ఉంచండి. తెర మీదకు పంపేటప్పుడు ముందు బొమ్మను, దాని మీద తాబేలును వేయండి. కిందిది ఎప్పుడూ చెడదు కాబట్టి చెరపడం అనే పనే ఉండదు. పాత ప్రోగ్రాములు ఎప్పుడంటే అప్పుడు గీస్తాయి, కొత్త టూల్‌కిట్లేమో తాము అడిగినప్పుడే గీయమంటాయి. ఈ తేడాను కూడా ఆ బొమ్మ పొరే సర్దేస్తుంది. ప్రోగ్రాము తన ఇష్టం వచ్చినప్పుడు ఆ పొర మీద గీస్తుంది, టూల్‌కిట్ అడిగినప్పుడు మీరు దాన్ని తెర మీదకు ఎక్కిస్తారు.

కాజీపేట జంక్షన్ సమాధానం

నాది వేరే అభిప్రాయం. ముగ్గురు మనుషులు, సెలవు రోజుల పని అంటున్నారు కాబట్టి టూల్‌కిట్ల జోలికే పోకుండా బ్రౌజర్‌లోకి వెళ్లిపోండి. అక్కడ బొమ్మలు గీసే కాన్వాస్ సిద్ధంగా ఉంది, తెలుగు అక్షరాలను బ్రౌజరే సరిగ్గా కూరుస్తుంది, పిల్లల ఫోనులో కూడా నడుస్తుంది. వేలాండ్, కోకో, విన్32 అన్న మాటలు మీరు మళ్లీ పలకాల్సిన పని ఉండదు. ప్రతి పండుగ సెలవులకూ ల్యాబ్‌లో ఇన్‌స్టలేషన్ల కోసం కూర్చునే బాధ తప్పుతుంది, ఆ బాధ నేను పడ్డవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

పడుగుపేక (హనుమకొండ)

కాజీపేట గారూ, మీ మాట కాదనను. కానీ మా భాషలో 'అడుగు' అనే ఆజ్ఞ ఉంది, విద్యార్థి ఏదైనా టైప్ చేసేదాకా ప్రోగ్రాము అక్కడే ఆగుతుంది. పాత ప్రోగ్రాముల్లో సగం దాని మీదే నడుస్తాయి. బ్రౌజర్ ప్రధాన దారంలో (థ్రెడ్‌లో) అలా ఆగితే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. ప్రోగ్రామును వర్కర్‌లో (పేజీ వెనుక విడిగా నడిచే దారంలో) పెట్టి నడపడం సాధ్యమేనని తెలుసు, ఆ పనికి ఇప్పుడు బలం చాలదు. అయితే కాన్వాస్‌లోనూ, కైరోలోనూ గీత ఆలోచన ఒక్కటే: ఒక చోటికి వెళ్లు, అక్కడి నుంచి గీత తీయి, వంపు తిప్పు, అంచు గీయి, లోపల నింపు. రెండూ 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ అనే పుటల వర్ణన భాషకు వారసులే కాబట్టి, గీతల పొరను మానేరు గారు చెప్పినట్టు విడిగా ఉంచితే, రేపు మీరు చెప్పిన దారికి దాని కిందిభాగం మాత్రం మార్చి వెళ్లవచ్చు.

ఆదివారం కైరో మీద ఒక ప్రయత్నం చేశాను, కొత్త సమస్య ఎదురైంది. జంపఖానా డిజైన్ ఒకదాన్ని గడికి 10 యూనిట్ల చొప్పున గీయించాను. మామూలు తెర మీద చక్కగా వచ్చింది. 125 శాతం స్కేలింగ్ పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం పక్కపక్క ఎర్ర గళ్ల మధ్య వెలిసిన సన్నని గీతలు కనబడ్డాయి, అవీ అన్నిచోట్లా లేవు, ఒక గడి విడిచి ఒక గడికి ఉన్నాయి. డిజైన్ చూసిన నేతగాడు "ఇక్కడ తెల్ల నూలు ఒక పోగు వేయాలా సార్?" అని అడిగాడు. వేసే మనిషి కాబట్టి అడిగాడు, అడగకపోతే వేసేసేవాడు. కారణం నాకు అంతుపట్టలేదు.

సింగరేణి (గోదావరిఖని) సమాధానం

పడుగుపేక గారూ, ఆ గీతలు కైరో తప్పు కాదు, మీ కోడ్ తప్పూ కాదు. లెక్క చూడండి. 10 యూనిట్ల గడి 125 శాతం వద్ద 12.5 పిక్సెళ్లు అవుతుంది. మొదటి గడి అంచు సరిగ్గా ఒక పిక్సెల్ మధ్యలో పడుతుంది. ఆ పిక్సెల్‌లో సగమే మొదటి గడి కిందికి వస్తుంది కాబట్టి కైరో సగం ఎరుపు, సగం కింది తెలుపు కలిపి వేస్తుంది. తరువాత రెండో గడి వచ్చి అదే పిక్సెల్‌లో తన సగం వేస్తుంది. కానీ అది మిగిలిన తెల్ల సగాన్ని పూర్తిగా కప్పదు, అక్కడ ఉన్న రంగులో సగాన్ని మాత్రమే కప్పుతుంది. సగంలో సగం, అంటే 25 శాతం తెలుపు మిగిలిపోతుంది. రెండు గళ్లకు ఒకసారి అంచు పూర్ణ సంఖ్య (25, 50, 75) మీద పడుతుంది కాబట్టి అక్కడ గీత ఉండదు. మీరు చూసిన 'ఒకటి విడిచి ఒకటి' అందుకే.

దీనికి మూడు మందులున్నాయి. ఒకటి, గళ్లు గీసేటప్పుడు అంచులను మృదువుగా చేసే పద్ధతిని ఆపేయడం. దీన్ని నేను మెచ్చను, ఎందుకంటే అదే బొమ్మలో ఉన్న వంపులు మెట్లుమెట్లుగా తయారవుతాయి. రెండోది, అంచులను దగ్గరి పూర్ణ పిక్సెల్‌కు జరపడం. రాకెట్ గీతల లైబ్రరీలో మృదుత్వానికి మూడు స్థితులు ఉంటాయి: అసలు వద్దు, పూర్తిగా కావాలి, కావాలి గానీ అంచులు పిక్సెళ్లకు సరిపడేలా జరపాలి. ఈ మూడో స్థితి మీ గళ్లకు అచ్చంగా సరిపోతుంది, దాన్ని మీ లైబ్రరీలో మొదటి రోజు నుంచే ఉంచండి. ఒక గడి 12, పక్క గడి 13 పిక్సెళ్లు వస్తుంది, కంటికి తెలియదు, గళ్ల లెక్క మాత్రం తప్పదు. ఒక పిక్సెల్ మందం గీత రెండు పిక్సెళ్ల వెడల్పున మసకగా రావడం కూడా ఇదే జాతి జబ్బు. కైరోలో పూర్ణ సంఖ్య అంటే పిక్సెల్ అంచు, మధ్య కాదు, కాబట్టి గీతను 0.5 జరిపితే అది కుదురుగా ఒకే వరుసలో కూర్చుంటుంది.

మూడో మందు పీడీఎఫ్ కోసం. అక్కడ పిక్సెళ్లు మీ చేతిలో ఉండవు, చూపించే ప్రోగ్రాము ఇష్టం. అందుకని ఒక వరుసలో పక్కపక్కన ఒకే రంగు గళ్లు ఉంటే వాటన్నిటినీ ఒకే దీర్ఘచతురస్రంగా కలిపి గీయండి. నేతలో పేక కూడా రంగు మారేదాకా ఆగకుండానే నడుస్తుంది కదా. కింద నేల రంగును ముందే మొత్తం పరిచేయండి, అప్పుడు అక్కడక్కడ సందు మిగిలినా తెల్ల కాగితం బయటపడదు.

పీడీఎఫ్‌ను బొమ్మ పొర నుంచి తీయవద్దు, ఇది మరిచిపోకండి. 4 అడుగులు, 6 అడుగుల జంపఖానాను నిజ పరిమాణంలో అంగుళానికి 300 చుక్కల చొప్పున బిట్‌మ్యాప్‌గా (చుక్కచుక్కకూ రంగు రాసిపెట్టే బొమ్మగా) తీస్తే 14,400 వెడల్పు, 21,600 పొడవు, పిక్సెల్‌కు 4 బైట్లు. మొత్తం 124 కోట్ల బైట్లు దాటుతుంది. అదే గీతలుగా రాస్తే పీడీఎఫ్ పుట 3,456 పాయింట్లు వెడల్పు, 5,184 పాయింట్లు పొడవు ఉంటుంది, ఫైలు మాత్రం చిన్నగానే ఉంటుంది. కాబట్టి ప్రతి ఆజ్ఞనూ తెర కోసం బొమ్మ పొర మీద గీస్తూనే, ఒక జాబితాలో కూడా రాసిపెట్టుకోండి. పీడీఎఫ్ అడిగినప్పుడు ఆ జాబితాను మళ్లీ నడిపించండి. లక్ష గీతల లూపు రాసే విద్యార్థి ఎలాగూ ఉంటాడు, అందుకని జాబితా వద్దనుకునే వీలు కూడా ఒకటి ఇవ్వండి.

అక్షరాల పని (జనగామ) సమాధానం

ఇంతవరకు అందరూ గీతల గురించే రాశారు. ఆజ్ఞలు తెలుగులో ఉన్న భాషకు అసలు కష్టం అక్షరాల దగ్గర మొదలవుతుంది, దాని గురించి చెప్పాలని ఈ సమాధానం.

'లక్ష్మి' అనే మాటను తీసుకోండి. కంప్యూటర్ జ్ఞాపకంలో అది ఏడు సంకేతాలు: ల, క, విరామం (పొల్లు గుర్తు), ష, విరామం, మ, గుడి. మనిషి కంటికి రెండే అక్షరాలు. పాత లైబ్రరీలు సంకేతానికో బొమ్మ చొప్పున పక్కపక్కన అతికించేవి, ఇంగ్లిషుకు అది చాలు. తెలుగుకు అలా చేస్తే ఒత్తు కిందికి దిగదు, గుడి ఒంటరిగా మిగిలి చుక్కల వలయం మీద కూర్చుంటుంది. ఆ కూర్పు పని చేసేది హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే నమ్ముకున్నాయి, పాంగో కూడా లోపల దాన్నే పిలుస్తుంది. కైరోలో నేరుగా అక్షరాలు వేసే ఫంక్షన్ ఒకటి ఉంది, దాని తయారీదారులే దాన్ని ఆటబొమ్మ అని పిలుచుకున్నారు. అది చూసి ఎవరూ మోసపోవద్దు, తెలుగుకు అది పనికిరాదు. పైథాన్‌లో బొమ్మల మీద మాటలు రాసే పిల్లో లైబ్రరీలో కూడా లిబ్‌రక్మ్ అనే కూర్పు లైబ్రరీ తోడు లేకపోతే తెలుగు ఒత్తులు ఇలాగే చెదిరిపోతాయి.

దీని వల్ల లైబ్రరీ రూపకల్పనలో ఒక నియమం పెట్టుకోవాలి: మీ భాషలో 'అక్షరం గీయి' అనే ఆజ్ఞ ఉండకూడదు, 'మాట గీయి' అనేదే ఉండాలి. కొలతలు కూడా మొత్తం వాక్యానికే అడగాలి. సంకేతాల వెడల్పులు విడివిడిగా కొలిచి కలిపితే వచ్చే సంఖ్య తెలుగులో అబద్ధం, ఎందుకంటే ఒత్తు చాలాసార్లు అసలు అక్షరం కిందనే ఇమిడిపోతుంది. ఎత్తు సంగతి మరీ ముఖ్యం. మా దగ్గర ఒక పాత అప్లికేషన్‌లో బటన్ల ఎత్తును ఇంగ్లిష్ ఫాంట్ లెక్కతో స్థిరంగా పెట్టారు. 'స్త్రీ' అని రాసిన బటన్‌లో కింది ఒత్తులు సగానికి తెగిపోయి ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. బటన్ ఎంత ఎత్తు ఉండాలో లోపలి మాటను కూర్చిన తరువాతే తెలియాలి, దానికి ఏ ఫాంట్ దొరికిందో చూసిన తరువాతే తెలియాలి. విండోస్‌లో గౌతమి, నిర్మల ఉంటాయి, లైనక్స్‌లో లోహిత్, నోటో ఉంటాయి, కొందరు పోతన ఫాంటు వేసుకుంటారు. (బమ్మెర మా జిల్లాలోనే ఉంది, అందుకని ఆ పేరు తెర మీద కనబడినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.) వీటిలో ఏ రెండింటి కొలతలూ ఒకేలా ఉండవు.

టైప్ చేసే పెట్టెను మాత్రం మీరు సొంతంగా రాయవద్దు. కర్సర్ 'స్త్రీ' లోపల ఎక్కడ ఆగాలి అన్నదానికే, మూడు ముక్కలుగా విడగొట్టే పాత యూనికోడ్ నియమాన్ని మార్చి ఒక్కటిగా చూసే నియమం 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది. ఇలాంటి మార్పుల వెంట ముగ్గురు మనుషులు పరిగెత్తలేరు. గీతలు మీవి, బటన్ల అమరిక మీది, టైప్ చేసే పెట్టె మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చినదే వాడుకోండి.

మానేరు తీరం (కరీంనగర్)

జనగామ గారి మాటకు నా ఓటు. నా మొదటి సమాధానంలో రాయని రెండు జాగ్రత్తలు ఇప్పుడు చెబుతాను. మాక్‌లో విండోల పనంతా ప్రధాన దారంలోనే జరగాలి, విండోస్‌లో ఏ దారం విండోను సృష్టించిందో సందేశాలు దానికే వస్తాయి. కాబట్టి టూల్‌కిట్‌తో మాట్లాడే దారం ఒక్కటే ఉంచి, విద్యార్థి ప్రోగ్రాము నుంచి వచ్చే పనులను దానికి వరుసలో పంపండి. మీ 'అడుగు' ఆజ్ఞ అప్పుడు ఎంతసేపు ఆగినా విండో బిగుసుకోదు.

రెండోది జ్ఞాపకం. 1000 పిక్సెళ్ల వెడల్పు, అంతే పొడవు ఉన్న బొమ్మకు 40 లక్షల బైట్లు పడతాయి, కానీ మీ భాష చెత్త సేకర్తకు (వాడకం అయిపోయిన జ్ఞాపకాన్ని ఖాళీ చేసే భాగానికి) అది ఒక చిన్న చిరునామాగా మాత్రమే కనబడుతుంది. చిన్న వస్తువులే కదా అని అది నిద్రపోతుంటే లూపులో వంద బొమ్మలు పుట్టి ల్యాబ్ కంప్యూటర్ కూలబడుతుంది. బొమ్మ సృష్టించిన ప్రతిసారీ దాని అసలు బరువును సేకర్తకు చెప్పే దారి మొదటే పెట్టండి.

పడుగుపేక (హనుమకొండ)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు వారాల పని తరువాత ఇది రాస్తున్నాను.

గీతల పొర వేరుపడింది, మా భాషలోనే రాశాం. సీలో మిగిలింది కైరో, పాంగోలను పిలిచే వంతెన మాత్రమే. నిన్న రాత్రి కీర్తి తోరణం ప్రోగ్రామును ఒక్క అక్షరం మార్చకుండా, తెర లేని పాత సర్వర్ మీద నడిపితే పీడీఎఫ్ వచ్చింది. సింగరేణి గారు చెప్పిన మూడో స్థితిని 'కుదురుగా' అనే పేరుతో చేర్చాం, గళ్ల డిజైన్లకు అదే మొదటి ఎంపికగా పెట్టాం. ఆ 125 శాతం ల్యాప్‌టాప్‌లో అదే జంపఖానాను తెరిచి, అదే నేతగాడిని పిలిచి చూపించాను. తెరకు దగ్గరగా ముఖం పెట్టి వరుస వరుసా వేలితో లెక్కపెట్టి, ఎర్ర గళ్లు ఒక్కటీ తగ్గలేదని, తెల్ల పోగు పోయిందని చెప్పాడు.

ఒక చోట మాత్రం ఆగిపోయాం. మా తాబేలు లోకంలో, బడిలో గ్రాఫ్ కాగితం మీద నేర్చుకున్నట్టుగా, పైకి వెళ్తే సంఖ్య పెరుగుతుంది. కైరోలో కిందికి వస్తే పెరుగుతుంది. మొత్తం నిలువు దిశను తిరగేశాం, గీతలన్నీ సరిగ్గా వచ్చాయి, కానీ మాటలు తలకిందులయ్యాయి. ప్రస్తుతానికి మాట గీసే ముందు దిశను మళ్లీ తిప్పి, గీశాక వెనక్కి పెడుతున్నాం. తాబేలు ఏటవాలుగా తిరిగి ఉన్నప్పుడు దాని దారి వెంట రాసే మాటలకు ఈ పద్ధతి సరిపోవడం లేదు, కోణం కూడా తిరగబడుతోంది. తిరగేయడాన్ని పూర్తిగా మానేసి, బిందువులను మాత్రమే మా పొరలో లెక్క కట్టి కైరోకు పంపడం మేలా? జనగామ గారూ, దీని మీద మీ మాట కోసం చూస్తుంటాను.

అక్షరాల పని (జనగామ)

అవును, తిరగేయడం మానేయండి. బిందువు ఎత్తును పుట ఎత్తులోంచి తీసివేసి పంపండి, కోణం గుర్తును ఒక్కసారి మార్చండి. అప్పుడు కైరో దృష్టిలో ఏదీ తలకిందులుగా ఉండదు కాబట్టి మాటలకు ప్రత్యేక ఏర్పాటు అక్కర్లేదు. మీ 'మాట గీయి' కోడ్‌ను ఇక్కడ పెట్టండి, ఈ శనివారం కూర్చుని చూస్తాను.